ఇంగ్లీషు దిద్దే ఉద్యోగం

నేను తెనాలిలో పదకొండేళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఒకే స్కూలు, మేడ మీద ఒకే గది, కిటికీ అవతల ఒకే బియ్యం గోదాము. పదకొండో ఏడు వేసవి సెలవుల్లో స్కూలు చేతులు మారింది. కొత్తవాళ్లు ప్రతి గదిలోనూ గోడకు పెద్ద తెర బిగించారు. ఇకమీదట పాఠం తెర మీద వస్తుందని, నేను పక్కన నిలబడి పిల్లలు అల్లరి చేయకుండా చూసుకుంటే చాలని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెబుతున్నంతసేపూ బల్ల మీదున్న పేపర్ వెయిట్‌ను తిప్పుతూ కూర్చున్నారు.

భర్తతో విడిపోయి అప్పటికి ఆరేళ్లు. పిల్లలు లేరు. అమ్మ రేపల్లెలో అన్నయ్య దగ్గర ఉండేది. అన్నయ్యకు స్టేషన్ దగ్గర కరెంటు మోటార్లు బాగుచేసే షాపు. ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి రేపల్లె వెళ్లి, సాయంత్రం బండికి తెనాలి వచ్చేసేదాన్ని. విదేశం వెళ్లాలన్న కోరిక నాకు ఎప్పుడూ లేదు. తెర పక్కన నిలబడటం ఇష్టం లేక మొదలుపెట్టిన ప్రయత్నం అది.

ముందు మాల్దీవుల్లో ఒక దీవి స్కూలుకి రాశాను. ఇంటర్వ్యూ చేశారు, మెచ్చుకున్నారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఇథియోపియాలో ఒక కాలేజీ. సర్టిఫికెట్ల మీద స్టాంపులు వేయించుకోవడానికి రెండుసార్లు హైదరాబాదు తిరిగొచ్చాక, పరిస్థితులు బాగాలేవని వాళ్లే మానుకున్నారు. వియత్నాం ఇంటర్వ్యూలో ఒకావిడ నాచేత ‘వెజిటబుల్’ అనే మాట మూడుసార్లు పలికించి, థాంక్యూ చెప్పి కెమెరా ఆపేసింది. స్టాఫ్ రూములో నా పక్కనే కూర్చుని చూస్తున్న స్నేహితురాలు నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఇంటికెళ్లాక మాత్రం అద్దం ముందు నిలబడి ఆ మాటే మళ్లీ మళ్లీ పలుక్కున్నాను.

ఆ స్నేహితురాలి గురించి చెప్పాలి. చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పేది. నాకంటే ఏడేళ్లు చిన్న, నన్ను అక్కా అనేది. బాపట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేది. భర్తకు అక్కడ జిరాక్స్ షాపు. నా అప్లికేషన్లన్నీ ఆ షాపులోనే ప్రింటు తీయించి, స్కాన్ చేయించి తెచ్చేది. ఒక్కో దేశం తప్పిపోయినప్పుడల్లా, పోనీలే అక్కా, ఇంకా చాలా దేశాలున్నాయి అనేది.

అలాంటి రోజుల్లో ఒక పాత విద్యార్థి నుంచి మెసేజ్ వచ్చింది. రేపల్లె కుర్రాడు. పదో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. వాడి ఇంగ్లీషు దిద్దలేక నేను తల పట్టుకున్న రోజులున్నాయి. అలాంటివాడు అంత పొడుగు మెసేజ్ ఒక్క తప్పు లేకుండా రాశాడు. కామాలు కూడా వాటి చోట్లలోనే ఉన్నాయి. నేను ముందు చూసింది అదే. విషయం చదవడానికి ముందే నాకు గర్వం కలిగింది.

బ్యాంకాక్‌లో పని చేస్తున్నానని, అక్కడ ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగుల పిల్లల కోసం నడిపే స్కూలుకి మన దేశపు ఇంగ్లీషు టీచర్లు కావాలని రాశాడు. నాకు మొదట మీరే గుర్తొచ్చారు మేడమ్ అన్నాడు. ఫోన్ చేశాను. స్కూల్లో ఉన్నప్పుడు వాడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. ఇప్పుడు ప్రతి ప్రశ్నకీ ఒక్క క్షణం ఆగి, కొలిచినట్టు జవాబు చెప్పాడు. అమ్మకి ఫోన్ చేస్తున్నావా అని తెలుగులో అడిగితే, ఇక్కడ అంతా బాగుంది మేడమ్ అని ఇంగ్లీషులో అన్నాడు. పెద్దవాడయ్యాడని అనుకున్నాను.

ఆ ఆదివారం రేపల్లెలో వాళ్లమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. చేతి గ్లవ్స్ తీసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కొడుకు ఎలా ఉన్నాడని అడిగాను. బాగున్నాడమ్మా, ఉద్యోగం బాగుందంట అంది. మీకూ చూస్తున్నాడా, వెళ్లండమ్మా, బాగుందంట అని మళ్లీ అదే మాట అంది. నేను వెనక్కి తిరిగాక పిలిచి, “వాడి మాటే మారిందమ్మా. అన్నం తిన్నావా అంటే కూడా ఆలోచించి చెప్తాడు” అంది. దూరదేశంలో ఉన్నవాళ్లు అలాగే మారతారని నేనే ఆవిడకు నచ్చజెప్పాను.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం విరామంలో జరిగింది. కెమెరాలో ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడింది. ఆవిడ వెనక గోడ నిండా పుస్తకాల బీరువా. పాఠం ఎలా చెబుతానని అడగలేదు. ఎంత వేగంగా టైపు చేస్తానని అడిగింది. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరైనా పోలీసు శాఖలో ఉన్నారా, భర్త ఉన్నారా అని అడిగింది. లేరని చెప్పినప్పుడు కొద్దిగా నవ్వి ఏదో రాసుకుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. భలే తేలిగ్గా అయిపోయింది అక్కా అని నా స్నేహితురాలు చేయి పట్టుకుంది.

అన్నయ్య ఒక్కడే గొణిగాడు. స్కూలు వెబ్‌సైట్ తెరిచి ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాడు. పిల్లల వెనక చెట్లు చూడమన్నాడు. సూదుల్లాంటి ఆకులు, మంచు పడే చోట్ల పెరిగే చెట్లు.

“బ్యాంకాక్ మనకంటే వేడి అంటారు కదే. అక్కడ ఈ చెట్లేంటి?” అన్నాడు.

నీకు మోటార్ల గురించి తెలుసు, స్కూళ్ల గురించి తెలియదు అన్నాను. వాడు ఫోన్ నా చేతికిచ్చేసి, విప్పిన మోటారు ముందు మళ్లీ కూర్చున్నాడు. బయల్దేరే రోజు తెనాలి స్టేషన్‌కి వచ్చి, బండి కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. తన నంబరు నాచేత నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఫోన్లో ఉంటుంది కదా అంటే, ఫోన్ పోతే అన్నాడు.

చెన్నై నుంచి విమానం. బ్యాంకాక్‌లో దిగేసరికి మధ్యాహ్నమైంది. నా పేరు స్పష్టంగా రాసిన కాగితం పట్టుకుని డ్రైవర్ నిలబడి ఉన్నాడు. స్పెల్లింగ్ కూడా తప్పలేదు. వ్యాన్‌లో నాతో పాటు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉంది. ఆమె అకౌంట్స్ చదివిందట. అదే కంపెనీలో ఉద్యోగమని చెప్పింది. ఊరు దాటాం. స్కూలు ఊరి బయట అని సర్దుకున్నాను. తర్వాత రోడ్డుకి రెండు వైపులా వరి చేలు వచ్చాయి. నారుమళ్లు, గట్ల మీద కొంగలు. తెనాలి నుంచి అమృతలూరు వైపు వెళ్తున్నట్టే ఉందని మనసు కాసేపు కుదుటపడింది కూడా. ఆ చేలూ అయిపోయి కొండలు మొదలయ్యాయి. ఎంత దూరమని అడిగినప్పుడల్లా డ్రైవర్ వేళ్లతో కొంచెమే అని చూపించాడు. పొద్దువాలుతుండగా ఏదో ఊళ్లో లాడ్జిలో దింపారు. తెల్లవారాక వేరే బండి, వేరే డ్రైవర్. ఇతను నవ్వలేదు.

ఆ బండి ఒక ఏటి ఒడ్డున ఆగింది. పెద్ద ఏరు కూడా కాదు. మన కాలవ కంటే కాస్త వెడల్పు. అవతలి ఒడ్డున కొత్త బిల్డింగులు వరసగా కనిపిస్తున్నాయి. నా ఫోన్ టింగుమని, మయన్మార్‌కు స్వాగతం అంటూ మెసేజ్ వచ్చింది. ఆఫ్రికా అమ్మాయి ఫోన్ కూడా మోగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

ఆ పడవ ఎందుకెక్కావని తర్వాత పోలీసులు అడిగారు, అన్నయ్య అడిగాడు, అమ్మ అడగకుండా నా ముఖంలోకి చూసింది. నన్నెవరూ తోయలేదు. కత్తి చూపించలేదు. నా పెట్టె అప్పటికే పడవలో పెట్టేశారు. సర్టిఫికెట్లన్నీ అందులో ఉన్నాయి. నా దగ్గరున్న జవాబు ఇంతే. పెట్టె వెనక నేనూ ఎక్కాను.

లోపల పాస్‌పోర్టులు, ఫోన్లు తీసుకున్నారు. నాలుగంతస్తుల బిల్డింగులు, వరండాలకు ఇనప కమ్మీలు, మధ్యలో క్యాంటీన్. తరగతి గదికంటే పదింతలున్న హాల్లో వరసగా కంప్యూటర్లు. ఒక వరస చివర నా విద్యార్థి లేచి నిలబడ్డాడు. బుగ్గలు లోపలికి పోయి, మెడ ఎముకలు తేలి ఉన్నాయి. నమస్తే మేడమ్ అన్నాడు. నేలకేసి చూస్తున్నాడు. నాకు అప్పుడు కోపం రాలేదు. కుర్చీ కోసం వెతుక్కున్నాను.

రెండు రోజుల తర్వాత క్యాంటీన్‌లో పళ్లెం పట్టుకుని నా పక్కన నిలబడి చెప్పాడు.

“ముగ్గురిని తీసుకొస్తే వదిలేస్తామన్నారు మేడమ్. మీరు రెండోవారు.”

“మొదటివాళ్లు ఎవరు?”

“మా పెదనాన్న కొడుకు. వేరే బిల్డింగులో ఉన్నాడు. నాతో మాట్లాడడు.”

నాకు పంపిన మెసేజ్ నువ్వే రాశావా అని అడిగాను. లేదు మేడమ్, ఇక్కడ దిద్దేవాడు ఒకడుండేవాడు, వాడు రాశాడు అన్నాడు. వాడేమయ్యాడని అడిగితే పళ్లెం తీసుకుని పక్కకు వెళ్లిపోయాడు. ఆ దిద్దేవాడి కుర్చీ నాకిచ్చారు.

నా ఉద్యోగం ఏంటంటే, ఇంగ్లీషు దిద్దడం. ఆ హాల్లో కూర్చున్నవాళ్లంతా దూరదేశాల్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు రోజూ మెసేజ్‌లు రాస్తారు. ఫొటోలో ఒక అందమైన మనిషి, వెనక రాసేది మాత్రం నేపాలీవాడో బెంగాలీవాడో. మొదట స్నేహం, తర్వాత ప్రేమ, ఆ తర్వాత వాళ్ల దగ్గరున్నదంతా ఊడ్చుకోవడం. రాసేవాళ్ల భాష అతుకుల బొంతలా ఉండేది. నేను సాఫు చేయాలి. క్రియలు సరిచూసి, మాట మృదువుగా చేసి, ‘పొద్దున్నుంచి నువ్వే గుర్తొస్తున్నావు’ అన్నది నిజంగా ఎవరో అన్నట్టు వినిపించేలా చేయాలి. పదకొండేళ్లు నేర్పిన విద్య. నాకది తేలిగ్గా వచ్చేసింది. అంత తేలిగ్గా రావడమే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

తప్పుగా దిద్దకూడదా అని మీరనుకోవచ్చు. రెండో వారం ప్రయత్నించాను. దిద్దినవి చదివి చూసే మేనేజర్ ఒకడుండేవాడు. చక్కటి ఇంగ్లీషు, నెమ్మదైన గొంతు. ఎప్పుడూ అరవడు. నన్ను పిలిచి నాలుగు వాక్యాలు చూపించి, మేడమ్ అలసిపోయినట్టున్నారు అన్నాడు. ఆ మధ్యాహ్నం నా విద్యార్థిని ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. నా కిటికీకి ఎదురుగా. వాడు పడిపోతే నీళ్లు కొట్టి మళ్లీ కూర్చోబెట్టారు. ఆ తర్వాత నేను తప్పుగా దిద్దలేదు.

ఆ మెసేజ్‌లు అందుకున్నవాళ్ల పేర్లేవీ నాకు గుర్తులేవు. ఒక మనిషి మాత్రం గుర్తున్నాడు. ఏదో చలిదేశంలో ఉండే రిటైరైన మాస్టారు. భార్య పోయింది. నా ముందు వరసలో కూర్చునే అమ్మాయి ఒక నర్సులా నటిస్తూ ఆయనకు రాసేది. ఆయన రోజూ ఆమె ఇంగ్లీషులో తప్పులు ఓపిగ్గా సరిచేసి, ఎందుకు తప్పో రెండు ముక్కలు వివరించి పంపేవాడు. నేను దిద్దడం మొదలుపెట్టిన పది రోజులకు ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. నీ ఇంగ్లీషు ఎంత బాగుపడిందో, నాకు చాలా గర్వంగా ఉంది అని. ఆ అమ్మాయి సంబరంగా స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది.

ఆమె లేచి బాత్‌రూముకి వెళ్లినప్పుడు నేను ఆ కీబోర్డు ముందు కూర్చున్నాను. ఏమీ పంపకండి, ఇక్కడ నర్సు లేదు అని టైపు చేశాను. పంపే బటన్ మీద వేలు పెట్టాను. కిటికీ బయట ఎండ కనిపించింది. ఒక్కో అక్షరం చెరిపేసి నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. మూడు వారాల తర్వాత ఆ మాస్టారి పేరు చదివి హాల్లో గంట కొట్టారు. ఎవరి దగ్గరైనా ఇంకేమీ మిగల్లేదని తేలినప్పుడు అలా గంట కొట్టి అందరిచేతా చప్పట్లు కొట్టిస్తారు. నేనూ కొట్టాను.

మూడో నెలలో మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి టీ ఇచ్చాడు. మీలాంటివాళ్లు ఇంకా ముగ్గురు కావాలి, మీ స్నేహితుల్లో ఎవరో చెప్పండి అన్నాడు. నాకెవరూ స్నేహితులు లేరన్నాను. తీసుకున్న నా ఫోన్ తెరిచి, బాపట్ల అమ్మాయి పంపిన మెసేజ్‌లన్నీ నా ముందు పెట్టాడు. అక్కా ఎలా ఉన్నావు, స్కూలు ఎలా ఉంది, ఫొటోలు పెట్టవేంటి. వాటన్నిటికీ నా పేరుతో ఎవరో జవాబులు ఇచ్చి ఉన్నారు. పొట్టిగా, హుషారుగా.

ఆమెను రమ్మని రాయమంటే ఐదు రోజులు రాయనన్నాను. ఐదు రోజులూ ఎండలో వాడే. ఆరో రోజు రాశాను.

ఒక్క ఆలోచన మాత్రం చేశాను. మేము స్టాఫ్ రూములో పిల్లల నోటుబుక్కులు దిద్దుతూ నవ్వుకునే తప్పులున్నాయి కదా, అవన్నీ వేసి రాశాను. తొందరగా రా అనడానికి ఇంగ్లీషులో లేని మాట, ఉద్యోగం ఉంది అనడానికి పిల్లలు రాసే వంకర వాక్యం. నేను అలా రాయనని ఆమెకు తెలుసు. మీ ఊరి టీచర్లు ఇలాగే రాసుకుంటారా అని మేనేజర్ అడిగితే, స్నేహితుల మధ్య అంతేనండి అన్నాను. పంపారు. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. అక్కా నిజంగానా, నాకూ వస్తుందా, మా ఆయన్ని అడిగి చెప్తాను అని, వెంట వరసగా ఎర్రటి గుండె బొమ్మలు.

ఆమె ఇంటర్వ్యూ ఆ హాలు పక్క గదిలోనే జరిగింది. తలుపు తెరిచి ఉంటే చూశాను. ఆ మర్యాదస్తురాలు కుర్చీలో కూర్చుని ఉంది. వెనక పుస్తకాల బీరువా ఒక గుడ్డ మీద అచ్చువేసిన బొమ్మ. కింద మడతలు పడి ఉంది. గోడకవతల నుంచి నా స్నేహితురాలి గొంతు వినిపించింది. ఇంట్లో భర్త, అత్తగారు ఉన్నారండి, వాళ్లకు ఇష్టమేనండి అంటోంది. నేను లేచి అరవచ్చు. ఆ గదికీ నాకూ మధ్య పది అడుగులే ఉంది. ఎలా కూర్చున్నానో అలాగే కూర్చుని ఎవరిదో వాక్యం దిద్దాను.

ఆ తర్వాత రెండు వారాలకు, ఒక ఉదయం హాల్లోకి పిలుపు రాలేదు. దూరంగా ఏవో పేలుడు చప్పుళ్లు. అక్కడి సైన్యం దాడికి వస్తోందని తర్వాత తెలిసింది. కిటికీలోంచి చూస్తే మేనేజర్ల కార్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. గేటు దగ్గర కాపలావాళ్లు లేరు. మొదట ఎవరూ కదల్లేదు. ఇదీ పరీక్షేమోనని అందరి భయం. ఎవరో ఒకడు గేటు దాటి నడిచాడు. అతనికేమీ కాలేదు. వందలమంది ఒక్కసారిగా పరుగు తీశారు.

నా విద్యార్థి మెట్ల దగ్గర కనిపించాడు. చేయి పట్టుకుని లాగాను. పాస్‌పోర్టు ఆఫీసు గదిలో ఉంది మేడమ్, మీదీ తెస్తాను, మా అన్న కూడా ఆ పక్క బిల్డింగులోనే ఉన్నాడు అన్నాడు. వద్దురా అన్నాను. “ఐదు నిమిషాలు మేడమ్, మీరు ఏటి దగ్గర ఉండండి” అన్నాడు. ఆ మాట ఆలోచించకుండా, గబగబా, పాత గొంతుతో అన్నాడు. ఏటి దగ్గర నిలబడ్డాను. జనం తోసుకుంటూ నీళ్లలోకి దిగుతున్నారు. బిల్డింగుల వైపు నుంచి పొగ లేచింది. చప్పుళ్లు దగ్గరయ్యాయి. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఐదు నిమిషాల కంటే ఎక్కువే. ఆఫ్రికా అమ్మాయి వచ్చి నా నడుం పట్టుకుని నీళ్లలోకి దింపింది. మెడ లోతు. అవతలి ఒడ్డున థాయ్ సైనికులు తాళ్లు విసురుతున్నారు. వాడు రాలేదు.

ఏరు దాటినవాళ్లను ఉంచిన క్యాంపులో ఒకావిడ తన ఫోన్ ఇచ్చింది. అన్నయ్య నంబరు నోటికి వచ్చింది. నా గొంతు విని వాడు ఏడ్చాడు. అదంతా తర్వాత, ముందు బాపట్లకు ఫోన్ కలుపు అన్నాను. ఆమె టికెట్ ఇంకా నాలుగు రోజుల్లో ఉందట. అన్నయ్య తన రెండో ఫోన్ పక్కన పెట్టి మాట్లాడించాడు. రావద్దు, అక్కడ స్కూలు లేదు, అంతా మోసం అన్నాను.

“నువ్వు వెళ్లావు. నన్ను మాత్రం వద్దంటావేంటి అక్కా?” అంది.

స్కూల్లో రాజీనామా ఇచ్చేశానంది. ఇప్పుడు చెబుతావా అంది. నేను ఏడుస్తూ ఏవేవో చెప్పాను, ఫోన్ పెట్టేసింది. ఆమె నమ్మలేదని అర్థమైంది. అన్నయ్య ఆ రోజే బాపట్ల వెళ్లి, క్యాంపులో నేల మీద కూర్చున్న నా ఫొటో ఆమె భర్తకు చూపించాడు. ఆ ఫొటో వల్ల ఆగింది. నా మాట వల్ల కాదు.

మమ్మల్ని విమానంలో ఢిల్లీ తీసుకొచ్చి, పోలీసులు రెండు రోజులు ప్రశ్నలడిగి పంపారు. ఇంటికొచ్చాక కూడా పిలిచారు. అడిగిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు. అన్నీ రాసుకున్నాక కాగితం మీంచి తల ఎత్తి, “మీరు మోసపోయినవాళ్లా, మోసం చేసినవాళ్లా మేడమ్? ఏ గడిలో రాయమంటారు?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. రెండు గడుల్లోనూ రాయండి అన్నాను. మొదటి దాంట్లోనే రాశాడు.

నా స్నేహితురాలు ఒక్కసారి వచ్చింది. రేపల్లెలో అన్నయ్య ఇంటి వరండాలో కూర్చుంది. అమ్మ ఇచ్చిన టీ తాగింది. ఆ మెసేజ్ నువ్వే రాశావా, వాళ్లు రాయించారా అని అడిగింది. నేనే రాశానన్నాను. తప్పులు చూశావా అని అడిగాను.

“చూశాను అక్కా. అక్కడికెళ్లి మూడు నెలలకే ఇంగ్లీషు మర్చిపోయిందని మా ఆయనకు చూపించి నవ్వుకున్నాం” అంది.

కప్పు కడిగి బోర్లించి వెళ్లింది. తెనాలి స్కూల్లో ఆమె చోట్లో వేరేవాళ్లు చేరిపోయారు. ఇప్పుడు పొన్నూరులో ఎక్కడో చెబుతోందని విన్నాను. ఫోన్ చేస్తే ఎత్తదు. ఆమె చోట్లో ఉంటే నేనైనా ఎత్తను.

ఆ కుర్రాడి తల్లి దగ్గరికి వెళ్లడానికి నాకు నెల పట్టింది. షెడ్డు బయట ఐస్ పెట్టెల పక్కన నిలబడి చెప్పాను. ఏటిదాకా వచ్చాడని, పాస్‌పోర్టు కోసం వెనక్కి వెళ్లాడని చెప్పాను. నన్ను పిలిచింది వాడేనన్న మాట దాచాను. ఆవిడ అంతా విని, “వాడే కదమ్మా మిమ్మల్ని పిలిచింది” అంది.

“ఎవరొచ్చి అడిగినా బాగుందని చెప్పమన్నాడు. అలా చెప్తేనే ఇంటికి రానిస్తారంట అన్నాడు. మీరు వచ్చిన రోజు అందుకే చెప్పాను. మీరు వెళ్తుంటే ఆపుదామనుకున్నాను, నోరు రాలేదు.”

ఆవిడ నన్ను క్షమించమని అడగలేదు. నేనూ అడగలేదు. షెడ్డులోంచి ఎవరో పిలిస్తే గ్లవ్స్ తొడుక్కుని లోపలికి వెళ్లింది.

ఏడాది తర్వాత మాల్దీవుల స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. మొట్టమొదట రాసిన చోటే. ఖాళీ ఏర్పడిందట, ఇంకా ఆసక్తి ఉందా అని. అదే మర్యాద, అదే తప్పుల్లేని భాష. అసలుదీ నకిలీదీ ఒక్కలాగే ఉంటాయని అప్పటికి నాకు తెలుసు. చింపేద్దామనుకున్నాను. అన్నయ్య వద్దన్నాడు. షాపు మూసి మూడు వారాలు అదే పని పెట్టుకున్నాడు. అక్కడ పని చేసి వచ్చిన ఒక టీచరమ్మను తెనాలిలో పట్టుకున్నాడు. స్కూలుకి వీడియో కాల్ చేసి హెడ్మాస్టారిని బయటికి నడవమని, చెట్లు చూపించమని, సముద్రం చూపించమని అడిగాడు. ఆయన పాపం నవ్వుతూ ఎండలో దీవి అంతా తిరిగి చూపించాడు. కొత్త పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల నకళ్లు తెప్పించుకున్నాను.

వెళ్లాను. విమానం దిగి, దీవికి వెళ్లే పడవ దగ్గర నా పెట్టె లోపల పెట్టేశాక, గట్టు మీంచి అడుగు వేయలేకపోయాను. పడవవాడు చేయి చాపి నిలబడ్డాడు. మిగతావాళ్లు ఎక్కి కూర్చున్నారు. పెట్టె వెనక్కి ఇవ్వమన్నాను, ఇచ్చాడు. దాన్ని పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ఆ పడవ వెళ్లిపోయింది. హెడ్మాస్టారు భార్యను వెంటబెట్టుకుని ఎదురొచ్చాడు. తర్వాతి పడవలో వాళ్లిద్దరి మధ్య కూర్చుని దీవి చేరాను.

రెండేళ్లవుతోంది. ముప్పై మంది పిల్లలు, ఒక నల్లబల్ల. తెర లేదు. చెప్పుకోదగ్గ ఉద్యోగమే. కానీ పిల్లల వ్యాసాలు దిద్దేటప్పుడు ఒక్కోసారి పెన్ను ఆగిపోతుంది. తప్పుల్లేని వాక్యం చూస్తే మెచ్చుకునే ముందు ఇది ఎవరు రాశారని అడుగుతాను. పిల్లలు బెదిరిపోతారు. ఆ చలిదేశపు మాస్టారు ఏమయ్యారో తెలుసుకోవడానికి నా దగ్గర ఆయన పేరు కూడా సరిగ్గా లేదు.

శుక్రవారం ఇక్కడ సెలవు. ఆ రోజు రేపల్లెకు ఫోన్ చేస్తాను, ముందు అమ్మకి, తర్వాత ఆ కుర్రాడి తల్లికి. కబురేమీ లేదు. వాడి పెదనాన్న కొడుకు మాత్రం వేరే క్యాంపులో దొరికి ఇంటికొచ్చాడు. తమ్ముడు తన బిల్డింగు దగ్గరికి రాలేదనే చెబుతున్నాడు. కొద్ది నెలలకోసారి పోలీసులు నాకు ఫొటోలు పంపుతారు. అక్కడి నుంచి వేరే చోట్లకు తరలించినవాళ్లవి, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లవి, కొన్ని ఇక ఏ ఆస్పత్రీ అవసరం లేనివాళ్లవి. వీటిలో మీ స్టూడెంట్ ఉన్నాడా అని అడుగుతారు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూస్తాను. ఇప్పటిదాకా లేడు. నిన్న పొద్దున మరో పదిహేడు ఫొటోలు వచ్చాయి. తొమ్మిది చూశాను. ఈలోపు బెల్లు కొట్టారు, క్లాసుకి వెళ్లాను. మిగతా ఎనిమిదీ ఇంకా చూడలేదు.